నీడ మాయమయ్యే తేదీ ఊరూరికీ వేరు

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరే వేళకు ఏటా పత్రికల్లో ఒక వార్త కనిపిస్తుంది: ఫలానా రోజు మిట్టమధ్యాహ్నం మన నీడ మాయమవుతుందని. తేదీ ఒకటే, గంట ఒకటే, రాష్ట్రమంతటికీ కలిపి. ఆ తేదీ ఎక్కడో వేరే నగరానికి కట్టిన లెక్క అయివుంటుంది. కోనసీమలో ఎవరైనా దాన్ని నమ్మి డాబా మీద మీటరు కర్ర నిలబెడితే అయిదారు సెంటీమీటర్ల నీడ నిక్షేపంగా కనిపిస్తుంది. పిల్లలు అప్పుడు అనుకునేది "ఇదంతా ఉత్తిదే" అని. లెక్క ఉత్తిది కాదు, ఊరు మారింది, అంతే. గోదావరి డెల్టాకు సరిపడే లెక్కను మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం.

నీడ పోవాలంటే సూర్యుడు సరిగ్గా నడినెత్తికి రావాలి. సూర్యుడు ఏడాదిలో భూమధ్యరేఖకు ఉత్తరంగా 23.4 డిగ్రీలు, దక్షిణంగా అంతే దూరం జరిగి వస్తాడు. మన ఊరి అక్షాంశం ఎంతో, సూర్యుడు ఉత్తరానికి అన్ని డిగ్రీలు జరిగిన రోజున నీడ ఉండదు. వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి. అమలాపురం 16.58 డిగ్రీల మీద ఉంది కనుక అక్కడ మే 6, ఆగస్టు 6. భీమవరానికీ దాదాపు అవే. నరసాపురం, అంతర్వేది కాస్త దక్షిణం కాబట్టి మేలో 5 లేదా 6, ఆగస్టులో 6 లేదా 7. రాజమహేంద్రవరం, కాకినాడ 17 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నాయి. వాటికి మే 7 లేదా 8, ఆగస్టు 4 లేదా 5. లీపు సంవత్సరం వల్ల ఇవి ఒక రోజు అటూ ఇటూ ఊగుతాయి. ఆ రోజుల్లో సూర్యుడి జరుగుబాటు రోజుకు 0.28 డిగ్రీ మాత్రమే, అంటే మీటరు ఎత్తుకు 5 మిల్లీమీటర్లు. డెల్టాలో ఒక రోజు తేడా పెద్ద నష్టమేమీ కాదు. రాష్ట్రం మొత్తానికి వస్తే మాత్రం కుప్పంలో ఏప్రిల్ 23, 24 నాటికే అయిపోయేది ఇచ్ఛాపురానికి చేరేసరికి మే 15, 16 అవుతుంది. మూడు వారాల తేడా ఉన్నదానికి ఒక తేదీ వేస్తే ఎలా?

తేదీ కంటే ఎక్కువగా దెబ్బతీసేది సమయం. గడియారంలో పన్నెండు కొట్టినప్పుడు సూర్యుడు నడిమింటికి వచ్చి తీరాలన్న నియమం లేదు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆ రేఖ కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. దానికి పడమరగా ఒక్కో డిగ్రీ జరిగే కొద్దీ సూర్యుడు 4 నిమిషాలు ఆలస్యం. అమలాపురం అర డిగ్రీ పడమర కాబట్టి 2 నిమిషాలు. దీనికి తోడు భూమి నడక కూడా ఒకే తీరుగా ఉండదు. జనవరి మొదట్లో మనం సూర్యుడికి 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాం, జులై మొదట్లో 15.21 కోట్ల దూరంలో. దగ్గరున్నప్పుడు సూర్యుడి ఆకర్షణ బలంగా ఉండి భూమి సెకనుకు 30.3 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది, దూరంగా ఉన్నప్పుడు 29.3కు తగ్గుతుంది. దీనికి భూమి ఇరుసు వాలు కూడా కలిసి, సూర్యుడు మే మొదట్లో గడియారం కంటే 3 నిమిషాల పైచిలుకు ముందుంటాడు, ఆగస్టు మొదట్లో 6 నిమిషాలు వెనకబడతాడు. అందుకే అమలాపురంలో మే 6న నీడ పోయేది 11 గంటల 59 నిమిషాలకు, ఆగస్టు 6న 12 గంటల 8 నిమిషాలకు. ఊరు ఒకటే, సూర్యుడి ఎత్తు ఒకటే, తొమ్మిది నిమిషాల తేడా. నడినెత్తి దగ్గర సూర్యుడు నిమిషానికి పావు డిగ్రీ దాకా నడుస్తాడు. మీటరు ఎత్తుకు అది 4 మిల్లీమీటర్లు. ఆగస్టులో సరిగ్గా పన్నెండింటికి చూసినవాళ్లకు 3 సెంటీమీటర్ల పైన నీడ కనపడటంలో ఆశ్చర్యం ఏముంది?

సూర్యకాంతి మన దగ్గరకు రావడానికి 8 నిమిషాల 19 సెకన్లు పడుతుంది కదా, ఆ మేరకు ఈ సమయాన్ని జరపాలా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు. కాంతి తన దారిన తిన్నగా వస్తోంది, ఆ కాంతి కింద తిరిగేది మనం.

ఇక చూసే పద్ధతి. కర్ర పాతమని అందరూ రాస్తారు, మా సలహా కర్ర వద్దని. కర్ర ఒక్క డిగ్రీ ఒరిగితే మీటరుకు 17 మిల్లీమీటర్ల దొంగనీడ పుడుతుంది, ఒక డిగ్రీ ఒరుగుడు కంటికి తెలియదు. పైగా కర్ర కొన నీడ అంచు మసకగా ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. ఆ బిళ్లలో ఒక అంచు నుంచి వచ్చే కాంతి ఒక చోట ఆగితే రెండో అంచుది ఇంకో చోట ఆగుతుంది. మీటరు ఎత్తుకు ఈ మసక వెడల్పు 9 మిల్లీమీటర్లు. కర్రను పొడుగు చేస్తే మసక కూడా అంతే పెరుగుతుంది, లాభం లేదు.

దీనికి బదులు ఒక ఎత్తు బల్ల అంచున, నేలకు మీటరు ఎత్తులో, అడుగు చదరపు అట్టను బయటికి చాచి బరువు పెట్టండి. బయటికి వచ్చిన భాగం నడుమ 5 మిల్లీమీటర్ల కంత చెయ్యండి. తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే దారం, ఇనుప గుండు తెచ్చి కంత మధ్య నుంచి వేలాడదీసి, గుండు మొన ఎక్కడికి చూపిస్తోందో నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, దారం తీసేయండి. భూమ్యాకర్షణ గీసిన నిలువుగీత కంటే నమ్మకమైన కర్ర ఇంకొకటి లేదు. సముద్రపు గాలి లేచాక గుండు ఊగుతుంది కాబట్టి ఈ పని ఉదయం ఎనిమిదింటికే ముగించుకోవాలి. అప్పటికీ ఊగుతుంటే రెండు కొసలూ గుర్తించి నడిమధ్య తీసుకోండి. ఆ తర్వాత బల్లను ఎవరూ తాకకూడదు. ఎక్కువ ప్రయోగాలు చెడేది ఇక్కడే.

11 గంటల 45 నిమిషాల నుంచి అట్ట నీడలో చిన్న గుండ్రటి వెలుగు, సుమారు 14 మిల్లీమీటర్ల వెడల్పున, పడమర నుంచి తూర్పుకు పాకుతూ కనిపిస్తుంది. రెండు నిమిషాలకోసారి దాని నడుమ చుక్క పెట్టండి. ఆ రోజున చుక్కల వరుస గుండు గుర్తు మీదుగా పోతుంది. ముందు రోజైతే 5 మిల్లీమీటర్లు ఉత్తరంగా, మర్నాడైతే (మేలో సంగతి ఇది) 5 మిల్లీమీటర్లు దక్షిణంగా. మూడు రోజులూ చేస్తే సూర్యుడు ఊరు దాటి ఉత్తరానికి పోవడం నేల మీద రాసినట్టే ఉంటుంది. డాబాకు వాన నీరు జారడానికి వాలు ఇస్తారు గనుక సెంటీమీటర్లు కొలవాలనుకుంటే చదును చూసుకోవాలి. మేస్త్రీల నీళ్ల గొట్టం చాలు, లోపల గాలి బుడగ లేకుండా చూసుకుంటే. నీడ పోయిందా లేదా అన్నదానికి మాత్రం వాలుతో పనిలేదు.

ఆ 14 మిల్లీమీటర్లలో 5 కంతది, మిగతా 9 సూర్యుడిది. అంటే నేల మీద ఉన్నది సూర్యుడి బొమ్మే. డెల్టాలో దీనికి అట్ట కూడా అక్కర్లేదు. పెంకుటింట్లో పెంకుల సందు నుంచి పడే ఎండపొడ, కొబ్బరితోటలో మట్టల సందుల్లోంచి పడే ఎండపొడ, అన్నీ ఇవే బొమ్మలు. సందు చీలికలా ఉన్నా, మూడు మూలలుగా ఉన్నా పొడ గుండ్రంగానే ఉండటం ఎప్పుడైనా గమనించారా? సందు చిన్నదైతే పొడ వెడల్పు సందు దూరంలో దాదాపు 107వ వంతు. మూడు మీటర్ల ఎత్తు పెంకు నుంచి 28 మిల్లీమీటర్లు, పదిహేను మీటర్ల చెట్టు నుంచి 14 సెంటీమీటర్లు. చెట్టెక్కకుండానే మట్ట ఎత్తు చెప్పేయొచ్చు. సందు మరీ పెద్దదైతే సందు ఆకారమే పడుతుంది, ఆ పొడలను వదిలేయాలి. ఉదయం, సాయంత్రం పొడ కోలగా సాగుతుంది. వెడల్పుకు పొడవు రెట్టింపు ఉంటే సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. నీడ పోయే క్షణాన తోటలో పొడలన్నీ చక్కటి వృత్తాలవుతాయి. 2019 డిసెంబరు 26న, 2020 జూన్ 21న మన దగ్గర పాక్షిక గ్రహణాలు పట్టినప్పుడు ఈ పొడలే నెలవంకలయ్యాయి.

ఈ 107 నుంచి సూర్యుడి సైజు రాదు, నిష్పత్తి ఒక్కటే వస్తుంది. దగ్గరగా చిన్న సూర్యుడున్నా, దూరంగా పెద్ద సూర్యుడున్నా పొడ ఇంతే. దూరం విడిగా తెలియాలి. 1961లో శుక్రగ్రహానికి రాడార్ తరంగాలు పంపి, అవి తిరిగొచ్చిన కాలాన్ని బట్టి దాన్ని గట్టిగా తేల్చారు: సగటున 14.96 కోట్ల కిలోమీటర్లు. దాన్ని 107.5తో భాగిస్తే 13.9 లక్షల కిలోమీటర్లు, సూర్యుడి అడ్డుకొలత. ఇంత దగ్గరగా మనకున్న నక్షత్రం ఇదొక్కటే. మిగతావి ఎంత పెద్ద దూరదర్శినిలోనూ దాదాపు చుక్కలుగానే ఉంటాయి.

కార్తెలు ఎరిగిన రైతులకు ఒక మాట. మే 6 భరణి కార్తె, ఆగస్టు 6 ఆశ్లేష కార్తె. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దిక్కున ఉన్న రోజులు. కానీ నీడ పోవడం నక్షత్రాన్ని బట్టి కాదు, ఇరుసు వాలును బట్టి. భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంది. ఆ ఉబ్బును చంద్రుడూ సూర్యుడూ లాగుతుండటంతో ఇరుసు బొంగరంలా సుమారు 26 వేల ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. ఫలితంగా 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెకూ నీడకూ పొత్తు తప్పుతూ వస్తుంది. పంచాంగంలో అయనాంశ అని వేసేది ఈ తేడానే, ఇప్పుడది 24 డిగ్రీలు. ఏడు వందల ఏళ్ల కిందట కోనసీమలో నీడ పోయింది కృత్తిక కార్తెలో. పంచాంగకర్తలకు శంకుచ్ఛాయ, అంటే నిలువు పుల్ల నీడ, కొత్త కూడా కాదు. పన్నెండు అంగుళాల శంకువు, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజున మధ్యాహ్నం వేసే నీడను వాళ్లు పలభ అంటారు. అమలాపురానికి అది 3.57 అంగుళాలు, రాజమహేంద్రవరానికి 3.67.

బడులకు మరో పని ఉంది. ఇద్దరు రెండు ఊళ్లలో ఒకే రోజు కొలిస్తే భూమి చుట్టుకొలత వస్తుందని పాఠాల్లో చదువుతారు. నరసాపురం, రాజమహేంద్రవరం మధ్య మాత్రం ప్రయత్నించకండి. వాటి మధ్య అక్షాంశం తేడా 0.57 డిగ్రీ, మీటరుకు 1 సెంటీమీటరే. 3 మిల్లీమీటర్ల పొరపాటు వస్తే జవాబులో మూడో వంతు కొట్టుకుపోతుంది. తిరుపతిలో ఉన్న బడితో జత కట్టండి. మే 6న అమలాపురంలో పొడ గుండు గుర్తు మీద ఉంటే తిరుపతిలో 5 సెంటీమీటర్ల పైచిలుకు దక్షిణంగా పడుతుంది, అక్కడ 12 గంటల 9 నిమిషాలకు. ఎవరి మధ్యాహ్నం వాళ్లదే. ఒకే గడియారపు క్షణంలో కొలిస్తే లెక్క తప్పుతుంది. రెండు ఊళ్ల మధ్య తీసుకోవాల్సింది బస్సు దూరం కాదు, అడ్డంగా గీసిన గీత దూరమూ కాదు. ఉత్తర దక్షిణాలుగా ఎంతో అంతే, సుమారు 326 కిలోమీటర్లు. అది 2.95 డిగ్రీలకు. 360కి కట్టుకోండి, 40 వేలకు దగ్గరగా వస్తుంది.

చూపు జాగ్రత్త. నడినెత్తి సూర్యుణ్ణి తలెత్తి చూడకూడదు, ఎక్స్‌రే ఫిలిం, మసి పట్టించిన గాజు అడ్డం పెట్టుకుని కూడా. ఆ మధ్యాహ్నం నూతిలోకి తొంగిచూసినా నీళ్లలో కనిపించేది సూర్యుడే. నూతి వరల నీడ నీటి మీద ఎటు పడిందో పక్క నుంచి చూస్తే చాలు.

మే నెలలో ఎండ ఉంటుంది, బడులుండవు. ఆగస్టులో బడులుంటాయి, మబ్బులుంటాయి. కాబట్టి మేలో పిల్లలు ఇళ్ల దగ్గరే చేసుకునేలా, మీ జిల్లా పేజీలో ముందు రోజే ఊరి పేరు, తేదీ, నిమిషంతో సహా సమయం అచ్చు వేయమని కోరుతున్నాం. అమలాపురం, నరసాపురం, భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం: అయిదు వరుసల పట్టిక. ఒక్క రోజు మబ్బేస్తే ముందు రోజూ మర్నాడూ కూడా పనికొస్తాయని దాని కింద ఒక వాక్యం.

— భౌతికశాస్త్ర అధ్యాపకులు కొందరు,
కోనసీమ