ఒక్క కోడికి వైద్యం అందదా?

సంపాదకులకు,

ఆర్యా,

మధురవాడలో మా పక్కింటివారు గత నెల అపార్ట్‌మెంటుకు మారుతూ, రెండేళ్లుగా పెంచుకున్న పెట్టను కోయించడానికి మనసొప్పక మాకు అప్పగించి వెళ్లారు. అంతవరకు అది ఏం తినేదో మేము అడగలేదు, వారు చెప్పనూ లేదు. గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ దాణాకు అలవాటు పడిన ఆ కోడికి మేము మిగిలిన అన్నం, ఇడ్లీ ముక్కలు వేస్తూ వచ్చాము. నాలుగో రోజుకల్లా రెట్ట నీళ్లలా పడసాగింది. తోక కింది ఈకలు అట్టకట్టాయి. రాత్రి తిన్న మేత తెల్లవారేసరికి దిగిపోయి మెడ కింది మేత సంచి ఖాళీగా ఉండాలి. మా పెట్టకు అది ఉబ్బి, చేత్తో తాకితే మెత్తగా కదులుతూ ఉంది. నోరు తెరిచి చూస్తే పులిసిన పిండి వాసన కొట్టింది.

బుట్టలో పెట్టుకుని పశువైద్యశాలకు తీసుకువెళితే అక్కడి సిబ్బందిలో ఒకరు నవ్వి, "ఒక్క కోడికి వైద్యమేంటమ్మా, కూర వండేసుకోండి" అన్నారు. రెట్ట పరీక్ష మాట ఎత్తితే మందుల షాపులో అడగమన్నారు. ఆ షాపులో ఒక్క ప్రశ్నయినా వేయకుండా, మనుషులు వాడే యాంటీబయాటిక్ గొట్టం మాత్రలు రెండు పొట్లం కట్టి ఇచ్చారు.

ఆ మాత్రలు వేయకపోవడమే మంచిదయిందని తరువాత తెలిసింది. పలుచటి రెట్టకు కారణం ఒకటే కాదు. మేత సంచి పులియడం తరచుగా బూజుజాతి సూక్ష్మజీవి వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ దానిని తగ్గించకపోగా పెంచవచ్చు. కోళ్ల కింద పరిచే పొట్టు తడిస్తే పెరిగే పరాన్నజీవి వల్ల వచ్చే పేగుల జబ్బు కాక్సిడియోసిస్ అయితే రెట్టలో రక్తం కనిపించవచ్చు, దానికి నీళ్లలో కలిపే మందు వేరు. ఏలికపాములకు మందు మరొకటి. వీటిలో చాలావాటిని ఒక చుక్క రెట్టను సూక్ష్మదర్శిని కింద పెట్టి తేల్చవచ్చు. కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019లోనే నిషేధించినా, పరీక్ష లేకుండా మందు వేసే అలవాటు పోలేదు. అలా మందు వేసిన కోడి పెట్టే గుడ్లు తినేది ఇంట్లోని పిల్లలే.

కొక్కెర తెగులు సంగతి ఇంకా విచిత్రం. రెట్ట పచ్చగా మారి మెడ వంకర తిరిగాక దానికి మందు లేదు, ముందే టీకా వేయించాలి. ఆ టీకా సీసాలు ఫారాల అవసరానికి తగ్గట్టు వందల మోతాదులతో వస్తాయి. ఒకసారి కలిపాక నిలవ ఉండవు. ఒక్క కోడి ఉన్న ఇల్లాలు ఆ సీసా కొని ఏం చేసుకుంటుంది?

మా పెట్టకు, ఫారంలో పనిచేసిన బంధువు సలహాపై, ఒక పూట మేత ఆపి నీళ్లు మాత్రం ఇచ్చి, తిరిగి పాత దాణాకు తెచ్చాము. పెరడంతా గచ్చే కావడంతో కందనకాయలో మేత నలగడానికి కావలసిన రాళ్లు దానికి దొరకడం లేదని కూడా ఆయనే గుర్తించారు. ఇప్పుడు ఒక చిప్పలో సన్న గులకరాళ్లు పెడుతున్నాము. (విశాఖలో ఇసుకకు కొదవా అని బీచ్ ఇసుక తెచ్చి పోయకండి, అందులో ఉప్పు ఉంటుంది.) పెట్ట కోలుకుంది, కానీ మా అదృష్టం కొద్దీ. ఎనిమిది, పది రెట్టలకొకసారి పడే ముదురు గోధుమరంగు జిగట రెట్ట సహజమేనని తెలియక దానికీ నేను రెండు రాత్రులు నిద్రపోలేదు.

పశుసంవర్ధక శాఖ అధికారులకు నా విన్నపం. నగరంలోని ప్రతి పశువైద్యశాలలో వారానికి ఒక పూట పెంపుడు కోళ్ల రెట్ట పరీక్షకు కేటాయించి, అదే పూట కొక్కెర తెగులు టీకా సీసా ఒకటి తెరిస్తే, చుట్టుపక్కల కాలనీల వారందరూ తమ కోళ్లను తెచ్చుకుంటారు. మోతాదులూ వృథా కావు. ఏ రోజు, ఏ వేళ అన్నది గేటు దగ్గర తెలుగులో రాసి పెట్టిస్తే చాలు.

భవదీయురాలు,
ఒక గృహిణి,
మధురవాడ, విశాఖపట్నం