వాళ్ల కొట్టు మూసుకుంటే మన పాటకు తాళమా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. హిందూపురంలో మాస్టారుగా రిటైరైన మా నాన్నగారు మాతోనే ఉంటారు. పొద్దున కాఫీ తాగుతూ ఆయన పద్యాలు వినాలి. 2008లో ఆయన కోసం ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో పౌరాణిక నాటక పద్యాలు, నాదస్వరం కలిపి 62 ట్రాకులు కొన్నాను. ఊరికే డౌన్‌లోడ్ చేసుకునే దారులు అప్పుడూ ఉన్నాయి. పాడినవాళ్ల కష్టం ఊరికే తీసుకోకూడదని డబ్బు కట్టాను.

అవన్నీ డబ్ల్యూఎంఏ అనే మైక్రోసాఫ్ట్ ఆడియో ఫార్మాట్‌లో తాళం వేసిన ఫైళ్లు. పాట మన హార్డ్‌డిస్క్‌లోనే ఉంటుంది, దాన్ని తెరిచే లైసెన్స్ మాత్రం స్టోర్ సర్వర్ నుంచి రావాలి. కొన్నేళ్లకు ఆ స్టోర్ మూతపడింది. తర్వాత మా పాత కంప్యూటర్ పోయింది. కొత్తదాంట్లో ఫైల్ నొక్కితే పద్యం పేరు కనిపిస్తుంది, నిడివి 6 నిమిషాల 10 సెకన్లని కనిపిస్తుంది, కాసేపటికి లైసెన్స్ దొరకలేదని ఒక చిన్న పెట్టె వస్తుంది. అంతే, శబ్దం రాదు. ఎంపీ3గా మారుద్దామంటే మామూలు కన్వర్టర్లు తాళం ఉన్న ఫైల్‌ను తీసుకోవు.

21 ట్రాకులను మాత్రం, స్టోర్ ఒప్పుకున్న పద్ధతిలోనే, అప్పట్లో ఆడియో సీడీలుగా రాసుకున్నాను. వాటిని ఈమధ్య ఎంపీ3 చేసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాను. రెండుసార్లు కుదించిన శబ్దం కాబట్టి నాదస్వరం పై స్థాయికి వెళ్లినప్పుడు కాస్త గరగరలాడుతుంది. అయినా నాన్నగారు స్పీకర్‌ను చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు. మిగతా 41 ఏవని అడిగితే విషయం చెప్పాను. "డబ్బులిచ్చి కొన్నవే కదరా! వాళ్ల కొట్టు మూసుకుంటే మన పాటకు తాళమేంటి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్‌లో ఒక కొట్టులో అడిగాను. "అవన్నీ ఎందుకు సార్, రెండొందలివ్వండి, పెన్‌డ్రైవ్ నిండా పాటలు ఎక్కించేస్తా" అన్నాడు. దొంగ కాపీకి ఏ అడ్డూ లేదు. రసీదు ఉన్నవాడికే ఈ తిప్పలు.

మన చట్టం ఏమంటోందో చదివాను. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఉద్దేశం అన్న మాట అందులో స్పష్టంగా ఉంది. సొంతానికి న్యాయంగా వాడుకోవడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతోంది. అంటే కొన్న పాటను ఇంట్లో వినడానికి మార్చుకోవడం నేరం కాదనే నాకు అర్థమైంది. కానీ తాళం తీయడానికి సాయపడేవాళ్లు అవతలి మనిషి పేరు, చిరునామా, కారణం అన్నీ రాసిపెట్టుకోవాలి. అంత టెన్షన్ ఏ మెకానిక్ నెత్తికెత్తుకుంటాడు? కాగితం మీద హక్కు ఉంది, వాడుకునే దారి లేదు.

తాళం లేకుండా వ్యాపారం సాగదన్న మాట నేను ఒప్పుకోను. ఐట్యూన్స్ స్టోర్ 2009లోనే పాటలకు తాళం తీసేసింది. మన బెంగళూరు ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ అనే పాటల దుకాణం పెట్టి, తాళం లేని ఎంపీ3లు అమ్మింది. మరుసటి ఏడాదే అది మూతపడింది. అయినా అప్పట్లో దించుకున్న పాటలు ఈరోజుకీ ఏ ఫోన్‌లోనైనా పలుకుతాయి.

కాపీరైట్ వ్యవహారాలు చూసే కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖను నేను కోరేది ఇది. డబ్బిచ్చి కొన్న పాటను సొంతానికి వేరే ఫార్మాట్‌లోకి మార్చుకోవచ్చని చట్టంలో ఒక్క వాక్యం సూటిగా రాయండి. స్టోర్ మూసేవాళ్లు ముందుగా నోటీసిచ్చి, తాళం లేని ఫైళ్లు గానీ కట్టిన డబ్బు గానీ ఇవ్వాలని నిబంధన పెట్టండి. ఇస్తున్నది లైసెన్స్ మాత్రమే అయితే "కొనండి" అని రాసిన బటన్ దగ్గరే ఆ సంగతి చెప్పాలి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఇలాంటి చట్టమే అమల్లో ఉంది.

62 ట్రాకులకూ రసీదుల ఈమెయిళ్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. శాఖవారు అడిగితే అన్నీ పంపుతాను.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు