ఎరుపు ఎక్కడ ఆరిపోవాలో

అమ్మలూ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలు నయమైంది, మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకోవడం మానేశారు. పెరటి తలుపు మళ్లీ బిగుసుకుపోయింది. అలమర సర్దుతుంటే నీ పాత సోల్డరింగ్ ఐరన్ దొరికింది, తొమ్మిదో తరగతిలో పిడికి గుడ్డ చుట్టుకున్నావే, అదే. తుడిచి పక్కన పెట్టాను. పెద్ద విశేషాలేమీ లేవు, ఊరికే రాస్తున్నాను.

నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. పని ఎక్కువగా ఉందేమోలే అనుకున్నాను. నిన్న బుజ్జిగాడు వచ్చాడు. మాటల్లో మాటగా, "అక్క తన పడవ పిచ్చుకకి లైట్లు తనే చేసుకుంది పెద్దమ్మా, ఎల్‌ఈడీలతో. భలే వెలుగుతున్నాయి. మొన్న రాత్రి పది దాటాక ఒడ్డుకొచ్చింది" అన్నాడు. మీ నాన్న పేపర్ తిరగేస్తూ ఉండిపోయారు. నేనూ ఏమీ అనలేదు. రాత్రి నిద్ర పట్టలేదు.

కోప్పడటానికి రాయడం లేదు. చేతిపని నేర్పింది నేనే, ఇప్పుడు చేశావని ఎందుకు కోప్పడతాను? సరే, ఆ సంగతి అలా ఉంచు. కళ్లజోడు మార్పించుకున్నావా? పాతదానితోనే కూర్చుని చిన్న చిన్న ఎల్‌ఈడీల కాళ్లు అతుకుతున్నావేమో అని నా బెంగ. పొగ మొహానికి తగలకుండా పక్కన ఫ్యాన్ పెట్టుకో.

అతికినవాటి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. పడవ పక్క దీపాల్లో ఎర్ర గాజు వెనక తెల్ల ఎల్‌ఈడీ పెట్టలేదు కదా? తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో నీలం, పసుపు పాలు ఎక్కువ, ఎరుపు తక్కువ. ఎర్ర గాజు ఆ వెలుగులో చాలా వరకు మింగేస్తుంది. ఎరుపుకి ఎర్ర ఎల్‌ఈడీ, ఆకుపచ్చకి ఆకుపచ్చదే వాడాలి. కరెంటుని అదుపు చేసే రెసిస్టర్ లెక్క 12 వోల్టులకి వేశావా? బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు 14.4 దాకా పోతుంది, ఆ లెక్క వేయకపోతే కొన్నాళ్లకే ఒక్కొక్కటీ మాడిపోతాయి. మూడు ఎర్రవి వరసగా కలిపితే సుమారు 6 వోల్టులు తింటాయి. ఆ 14.4లో మిగిలిన 8.4ని 20 మిల్లీఆంపియర్లతో భాగిస్తే 420 ఓమ్‌లు వస్తుంది, 470ది వేసుకుంటే నిశ్చింత. ఆకుపచ్చవి ఒక్కోటి మూడు వోల్టులకి పైనే తీసుకుంటాయి కాబట్టి, మూడు కలిపితే బ్యాటరీ దిగేకొద్దీ బాగా మందగిస్తాయి. తెల్లవారుజామున ఎరుపు బాగానే ఉండి ఆకుపచ్చ నీరసించిందంటే కారణం అదే. దానికి కరెంటు నిలకడగా ఇచ్చే చిన్న డ్రైవర్ పెట్టుకోవడం మేలు.

మీ చిన్నత్త ఫోన్ చేసింది, నీ గురించి అడిగింది. బాగుంది అన్నాను. నిజంగానే బాగున్నావు కదా?

నీకు పాత కథ ఒకటి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నువ్వు పుట్టకముందు సంగతి. మీ పెదనాన్న తన పడవకి దీపాలు తనే చేశారు. రెండు రేకు పెట్టెలు, లోపల 10 వాట్ల బల్బులు, ముందు ఎరుపు, ఆకుపచ్చ గాజులు. రెండిటి మధ్య అడ్డుగా నిలబెట్టిన రేకు తాడుకి తగులుతోందని కాస్త కత్తిరించేశారు. ఒడ్డున వెలిగించి చూస్తే పండగలా ఉంది. ఎంత దూరానికైనా కనపడతాయని మేమందరం మురిసిపోయాం. ఆ రాత్రి చంద్రుడు లేడు. పెదనాన్న ఇంజిన్ దగ్గర, మీ నాన్న చుక్కాని దగ్గర, నేను ముందు టార్చి పట్టుకుని కూర్చున్నాం. ఎదురుగా, కొంచెం కుడివైపుగా ఒక పెద్ద బోటు వస్తోంది. దాని ఆకుపచ్చ దీపం మాత్రమే కనపడుతోంది. అంటే దాని కుడి పక్క మన వైపు ఉన్నట్టు, మన కుడి పక్కనుంచే దాటిపోతుంది. "ఏం భయం లేదు" అన్నారు మీ నాన్న. ఆ మాట అనగానే ఆకుపచ్చ పక్కన ఎరుపు కూడా వచ్చింది. రెండూ కనపడుతున్నాయంటే దాని ముక్కు సూటిగా మా మీదికి తిరిగిందని. ఇంకొన్ని క్షణాలకి ఆకుపచ్చ పోయి ఎరుపే మిగిలింది. అది మా దారికి అడ్డంగా వస్తోంది. పెదనాన్న రివర్స్ వేశారు. నేను పిచ్చిదానిలా టార్చి ఊపాను. రెండు పడవల పొడవంత దూరంలో మా ముందునుంచి వెళ్లింది. దాని అల మా కాళ్ల మీద పడింది. పైనుంచి ఒకాయన అరిచాడు: "మీ ఎరుపు మాకెందుకు కనపడుతోంది?"

ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తప్పు ఆయనది కాదు. మా ఎరుపు ఆ కత్తిరించిన రేకు దాటి కుడివైపుకి కారిపోతోంది. ఆయనకి రెండు రంగులూ కనపడ్డాయి. రెండూ కనపడితే ఎదురెదురుగా వస్తున్నట్టే, అప్పుడు ఇద్దరూ కుడికి తిరగాలి. ఆయన నియమం ప్రకారమే తిరిగాడు. మా దీపం చెప్పిన అబద్ధాన్ని నమ్మాడు.

అందుకే బుజ్జిగాడు "భలే వెలుగుతున్నాయి" అంటే నాకు గుండె ఝల్లుమంది. వెలుగు పెద్ద విషయం కాదమ్మా. ఢీకొనకుండా 1972లో దేశాలు కలిసి రాసుకున్న నియమాల ప్రకారం 12 మీటర్లలోపు పడవకి పక్క దీపాలు ఒక సముద్రపు మైలు దూరం కనపడితే చాలు. అందుకు కావలసింది 0.9 కాండెలా, అంటే ఇంచుమించు ఒక కొవ్వొత్తి. చుట్టూ కనపడే తెల్ల దీపానికి రెండు మైళ్లు, 4.3 కాండెలా. అంత వెలుగు ఎల్‌ఈడీకి లెక్క కాదు. కష్టమంతా కోణంలో ఉంది. ఎరుపు ఎడమ పక్కన, ఆకుపచ్చ కుడి పక్కన, ఒక్కోటి సరిగ్గా ముందునుంచి 112.5 డిగ్రీలు మాత్రమే కనపడాలి. ముందు గీత దాటాక ఒకటి నుంచి మూడు డిగ్రీల లోపల ఆరిపోవాలి. ఇంకో చిక్కు, కొన్ని ఎల్‌ఈడీలు టార్చిలా సన్నగా కొడతాయి. నడిమధ్య కళ్లు చెదురుతాయి, పక్కకి జరిగితే మసక. ఆ 112.5 డిగ్రీలూ సమంగా నిండాలంటే కొన్నిటిని కొద్దికొద్దిగా తిప్పి అమర్చాలి.

పిచ్చుక ఆరు మీటర్లే కదా, చిన్న పడవకి ఇంత అవసరమా అంటావు. చిన్నది కాబట్టే అవసరం. ఎదుటివాడికి ఆ రెండు చుక్కలు తప్ప నువ్వు కనపడవు.

మళ్లీ పాఠం మొదలెట్టాను, ఏమనుకోకు. లైఫ్ జాకెట్ వేసుకుంటున్నావా? వేసుకోవడమంటే పక్కన పెట్టుకోవడం కాదు.

తెల్లది పక్క దీపాలకన్నా కనీసం ఒక మీటరు పైన ఉండాలి. నీ కళ్లలో పడకుండా కట్టు, పడితే ఎదుటి చీకటి నీకే కనపడదు. పెట్టెల అతుకులకి పుల్లటి వాసన వచ్చే సిలికాన్ పూయకు, అది రాగిని తినేస్తుంది. ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి. రేడియో సంగతి కూడా చూడు. చౌక ఎల్‌ఈడీ డ్రైవర్లు పడవ రేడియో వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాల్లో గోల పెడతాయి, 2018లో అమెరికా కోస్ట్ గార్డ్ ఇదే విషయమై హెచ్చరిక ఇచ్చింది. ఖాళీ ఛానల్ పెట్టి, గోలని అణిచే స్క్వెల్చ్ నాబ్ తిప్పి శబ్దం ఆగేలా చేసి, అప్పుడు దీపాలు వెయ్యి. బుస్సుమంటే డ్రైవర్ మార్చు. ఆపదలో నీ పిలుపుకి వచ్చే జవాబు ఆ గోలలో మునిగిపోతే నేనేం చేయను?

నా మాటగా ఒకటి విను. ఎరుపు, ఆకుపచ్చ ఆమోదం ముద్ర ఉన్నవి కొనుక్కో, డబ్బు నేను పంపుతాను. పాత ఆమోదించిన పెట్టెలో బల్బు తీసేసి ఎల్‌ఈడీ పెట్టినా సరిపోదు, ఆమోదం గాజుకీ బల్బుకీ కలిపి ఇస్తారు. నీ చేతిపని పడవ లోపలి దీపాలకి వాడుకో, అక్కడ బ్యాటరీ కూడా ఆదా అవుతుంది. తెల్లది నువ్వే చేస్తానంటే మీ దగ్గర ఒప్పుకుంటారో లేదో అడిగి చెయ్యి.

కొనేదాకా చీకటి పడ్డాక వెళ్లకు. ఈలోపు ఒక్క పని చెయ్యి. పిచ్చుకని ఒడ్డు మీదికి లాగించి, రాత్రి దీపాలు వేసి, ముందు పది మీటర్ల దూరంలో నిలబడు. సరిగ్గా నడి గీత మీద రెండు రంగులూ కనపడాలి. అక్కణ్ణుంచి పడవ కుడి పక్క వైపుకి జరుగు. పది మీటర్ల దగ్గర మూడు డిగ్రీలంటే అర మీటరు, ఒక చిన్న అడుగు. ఆ అడుగులో ఎరుపు పూర్తిగా పోవాలి. అటు వైపు ఆకుపచ్చకీ అంతే. తర్వాత చుట్టూ నడిచి వెనక ఎక్కడ ఆరిపోతున్నాయో కూడా చూడు. నేల మీద సుద్దతో గీతలు పెట్టి, కొలిచి, ఆ అంకెలు నాకు రాయి. మీ నాన్న కూడా చూస్తానన్నారు, పైకి అడగరు.

ఫోన్ చేసినా సరే. పదకొండైనా ఎత్తుతాను.

అమ్మ