ఏటిగట్టు మీద వదిలిన ట్రక్కుకు కాపలా ఎవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

గోదావరికి వరద వచ్చిందంటే మీ పత్రికలో మునిగిన అరటితోటల ఫొటోలు వస్తాయి, కనకాయలంక కాజ్‌వే మీద నీళ్ళు పారుతున్న ఫొటో వస్తుంది. ఆ పక్కన చోటు దొరకని నష్టం ఒకటుంది. వరదకి భయపడి ఏటి నడుమ ఉన్న లంకలోంచి ఏటిగట్టు మీదకి లాక్కొచ్చి పెట్టుకున్న మా ట్రక్కుల్ని రాత్రికి రాత్రి ఎవరో తగిలించుకుని పోతున్నారు. పోయిన వరదల్లో నాది పోయింది. అంతకుముందు ఏడాది మా బావమరిదిది పోయింది. ఇద్దరివీ ఇంతవరకూ దొరకలేదు.

మా వైపు ట్రాక్టరు వెనక తగిలించే తొట్టిని ట్రక్కు అంటాం. నాది వట్టి తొట్టి కాదు. లంకలో ఇల్లు కట్టలేం, పాక వేస్తే ఏటా ఏరు పట్టుకుపోతుంది. అరటి గెల వేసిన దగ్గర్నుంచీ రాత్రిళ్ళు అక్కడే పడుకోవాలి. లేదంటే అడవిపందులు దుంపలు పెళ్ళగిస్తాయి, మోటారు వైర్లు కోసుకుపోయేవాళ్ళూ ఉంటారు. అందుకని 2017లో ఒక పాత రెండు చక్రాల ట్రక్కు కొని, రావులపాలెంలో వెల్డింగు చేయించి, దానిమీద రేకుల గది కట్టించుకున్నాను. ఒక మంచం, రెండు కిటికీలు, గ్యాసు పొయ్యి పెట్టుకోవడానికి గట్టు, పైన సోలారు పలక, లోపల ఒక బ్యాటరీ, ఒక లైటు. మా నాన్నగారి గూడుబండి ఎడ్ల మెడలో ఉండే ఇత్తడి గంట ఒకటి మిగిలితే దాన్ని తలుపుకి కట్టాను. పట్నాల్లో వాళ్ళు సరదాగా తిరగడానికి కారు వెనక తగిలించుకునే క్యారవాన్ల గురించి చెబుతుంటారు. మాకు అది సరదా కాదు, ఏడాదిలో ఏడెనిమిది నెలలు అదే మా మకాం.

భద్రాచలంలో నీరు 43 అడుగులు దాటి ఒకటో హెచ్చరిక ఇచ్చారంటే మేం సర్దుకోవడం మొదలుపెడతాం. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి ఒకటో హెచ్చరిక ఇచ్చేదాకా ఆగితే ఏట్లో వేసిన తాత్కాలిక బాట ఉండదు, ఇక పడవే గతి. ముందు పశువుల్ని దాటిస్తాం. తర్వాత మోటార్లు, పైపులు, ఎరువు బస్తాలు. ఆఖరికి ట్రక్కు. ఊరంతటికీ ట్రాక్టర్లు నాలుగో అయిదో. ఒకరి ట్రక్కు గట్టు మీద వదిలి, ఇంకొకరిది లాగడానికి ఆ ట్రాక్టరు మళ్ళీ ఏట్లోకి దిగాల్సిందే. ఆ రోజు పొద్దుగూకేసరికి గట్టు మీద పద్నాలుగు ట్రక్కులు చేరాయి. చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, తలుపుకి తాళం వేసి, మా ఆవిడనీ మనవరాలినీ తీసుకుని గట్టు ఇవతల మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. మొదటి రెండు రోజులూ వెళ్ళి చూసుకుని వచ్చాను. మూడో రోజు కుండపోత వాన, వెళ్ళలేదు.

నాలుగో రోజు పొద్దున్నే వెళ్తే పదమూడు ట్రక్కులున్నాయి. నాది ఉండాల్సిన చోట గడ్డి పచ్చగా లేదు, గది కొలత ఎంతుందో అంత మేర పసుపు తిరిగి పడిపోయి ఉంది. నేను పెట్టిన నాలుగు ఇటుకలూ తీసి పక్కన ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. అంత తీరిగ్గా తీశారు. బురదలో పెద్ద ట్రాక్టరు టైర్ల అచ్చు కొంతదూరం వెళ్ళి తారురోడ్డు ఎక్కాక చెరిగిపోయింది. పది అడుగుల అవతల తుంగలో మా నాన్నగారి గంట దొరికింది. దారిలో మోగుతుందని తెంపి విసిరేశారన్నమాట. ఆ గంట చేతిలో పట్టుకుని చాలాసేపు గట్టు మీదే కూర్చున్నాను.

పోలీసు స్టేషనుకి వెళ్ళాను. ఏ స్టేషనో రాయను, వాళ్ళు నాతో మర్యాదగానే మాట్లాడారు. రైటరు గారు అడిగిన మొదటి మాటకే నేను తెల్లబోయాను.

"ట్రక్కు నంబరు చెప్పండి."

నేను మా అబ్బాయి ట్రాక్టరు నంబరు చెప్పాను.

"అది ట్రాక్టరుదండీ. ట్రక్కుది వేరేగా ఉంటుంది. ఆర్సీ ఉందా?"

లేదు. ట్రక్కుకి విడిగా రిజిస్ట్రేషను ఉంటుందని నాకు తెలుసు, కానీ పాతది కొన్నప్పుడు నా పేరు మీదకి మార్పించుకోలేదు. కొన్నవాడు 30 రోజుల్లోగా రవాణా శాఖకి తెలియజేయాలని చట్టంలో ఉంది, ఏళ్ళు గడిచిపోయినా నేను ఆ పని చేయలేదు. చాసిస్ నంబరు కొట్టిన పలక ముందు నొగ మీద ఉండేది. తుప్పు పట్టకూడదని ఏటా దానిమీద కూడా రంగు వేస్తూ వచ్చాను. ఆ నంబరు ఏమిటో ఏనాడూ రాసిపెట్టుకోలేదు. నా దగ్గర ఉన్నదల్లా మా మనవరాలు ట్రక్కు మెట్టు మీద కూర్చుని జామకాయ తింటున్న ఫొటో ఒక్కటే. ఫిర్యాదుతో పాటు దాన్నే ఇచ్చాను.

బీమా సంగతి ఇంకా బాధ. ట్రాక్టరుకి ఏటా కడుతున్నాం కదా, వెనకున్నది కూడా అందులోనే అనుకున్నాం. పాలసీ తీసి చూస్తే ట్రక్కు ఊసే లేదు. దాన్ని విడిగా రాయించి, దానికి వేరేగా సొమ్ము కట్టాలి. తోటి రైతులు ఈ ఉత్తరం చదివితే ముందు ఇంట్లో పాలసీ కాగితం తీసి ట్రక్కు పేరు అందులో ఉందో లేదో చూసుకోండి. బీమా ఉన్నవాళ్ళు పోయిన రోజే పోలీసు ఫిర్యాదు ఇవ్వండి, బీమా వాళ్ళకీ అదే రోజు చెప్పండి. ఒకవేళ బీమా కంపెనీకి చెప్పడం ఆలస్యమైందని క్లెయిము కొట్టేస్తే అక్కడితో వదిలేయకండి. పోయిన ట్రాక్టరు తాలూకు గుర్షిందర్ సింగ్ కేసులో, పోలీసులకి వెంటనే ఫిర్యాదు ఇచ్చి ఉంటే బీమా కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిము తిరస్కరించకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. ఫిర్యాదు విషయంలో కూడా కొత్త నేర ప్రక్రియ చట్టం 173వ సెక్షను మనకి మేలు చేసేదే. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా దగ్గర్లో ఉన్న స్టేషనులో ఇవ్వొచ్చు. ఫోనులోంచి పంపి మూడు రోజుల్లోగా వెళ్ళి సంతకం చేయొచ్చు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపొచ్చు. వరదలో చిక్కుకున్నవాడికి ఇవన్నీ అక్కరకొచ్చే సంగతులు.

అసలు ట్రక్కు ఇంత సులువుగా ఎలా పోతుందో చెప్పాలి. ట్రాక్టరు దొంగిలించాలంటే ఇంజను స్టార్టు చేయాలి, చప్పుడవుతుంది. ట్రక్కుకి ఇంజనూ లేదు, తాళం చెవీ లేదు. నొగ చివర రింగు ఉంటుంది. ఏ ట్రాక్టరైనా వెనక్కి వచ్చి, ఆ రింగుని హుక్కులోకి తెచ్చి, పైనుంచి పిన్ను జారిస్తే అయిపోయింది. నిమిషం పట్టదు. ట్రక్కు లాక్కెళ్ళే ట్రాక్టరుని అర్ధరాత్రయినా మన జిల్లాలో ఎవరూ ఆపి అడగరు. వరదలప్పుడు అసలే అడగరు, పాపం ఎవరో సామాను దాటించుకుంటున్నారు అనుకుంటారు. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

ట్రక్కు పోయాక నాకు గది కట్టిన వెల్డింగు కుర్రాడి దగ్గరే కూర్చుని ఏం చేయొచ్చో అడిగాను. అతను చెప్పినవి మా ఊళ్ళో మిగతా వాళ్ళవి పదమూడింటికీ చేయించాం. మొదటిది రింగు. రింగు కంత సరిగ్గా నిండేలా ఒక లావు ఇనప గుండు పోయించి, దాన్ని రింగులో దూర్చి అడ్డంగా తాళం వేస్తే హుక్కు అందులోకి రాదు, పిన్ను దిగదు. తాళం కొక్కెం బయటికి కనబడకుండా చుట్టూ ఒక పైపు ముక్క వెల్డు చేశాడు, రంపం ఆడించడానికి సందుండదు. రెండోది గొలుసు. చక్రం రిమ్ము కంతలోంచి ఇరుసు మీదుగా తిప్పి బిగించాలి. వదులుగా వేసి నేల మీద పడేస్తే ఉపయోగం లేదు, కింద రాయి పెట్టి పైన సుత్తితో రెండు దెబ్బలు వేస్తే లింకు తెగుతుంది, కట్టరుకి కూడా ఊతం దొరుకుతుంది. గొలుసు గాల్లో బిగువుగా ఉండాలి, తాళం కూడా పైకి ఉండాలి. ఇలాంటి చిన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. అందరం గొలుసుని పశువుకి వేసినట్టే వదులుగా వేస్తాం.

వారం దాటి వదలాల్సి వస్తే ఒక చక్రం విప్పి ఇంటికి తెచ్చుకోవడం అన్నిటికన్నా మేలు, కానీ వానలో జాకీ పెట్టి విప్పే ఓపిక ఎవరికుంటుంది? దానికన్నా సులువైనది నిలిపే తీరు. నొగని రోడ్డు వైపు కాకుండా కొబ్బరిచెట్టు మొదలు వైపు తిప్పి పెడితే ట్రాక్టరు దాని ముందుకి రాలేదు. రెండు ట్రక్కులుంటే నొగలు ఎదురెదురుగా పెట్టి రెండు రింగులకీ కలిపి ఒకే తాళం వేయొచ్చు. సిమ్ కార్డు వేసే జీపీఎస్ పరికరాలు కూడా దొరుకుతున్నాయి. ట్రక్కులో ఇంజను బ్యాటరీ ఉండదు కాబట్టి సొంత బ్యాటరీ ఉన్నది కొనాలి, ఛార్జింగు అయిపోకుండా చూసుకోవాలి, పైకి కనబడని చోట దాచాలి. చాసిస్ నంబరుని ఇంకో రెండు చోట్ల, అడుగున, ఇరుసు మీద, పంచితో కొట్టించుకోవాలి. పేరూ ఊరూ వెనక తలుపు మీద జానెడు అక్షరాలతో రాయించుకోవాలి. గ్యాసు బండ, బ్యాటరీ, కాగితాలు మాత్రం లోపల వదలకండి.

ఇవి మేం చేసుకోగలిగినవి. అధికారులు చేయాల్సినవి కూడా ఉన్నాయి, ఈ ఉత్తరం ముఖ్యంగా అందుకే. వరద వస్తే మనుషులకి బడుల్లో పునరావాస కేంద్రం పెడతారు, పశువులకి మెరకన చోటు చూస్తారు, గడ్డి ఇస్తారు. మా ట్రక్కులకీ దమ్ముచక్రాలకీ ఇంజన్లకీ కూడా మార్కెట్ యార్డులోనో, బడి ఆవరణలోనో పది రోజులు చోటు చూపించండి. ఒక లైటు, ఒక హోంగార్డు చాలు. గేటు దగ్గర పుస్తకం పెట్టి ఎవరి ట్రక్కు వచ్చింది, ఎవరు తీసుకెళ్ళారు అని సచివాలయం మహిళా పోలీసు చేత రాయిస్తే సరిపోతుంది. ఆ చోటు వరద ముందే, మే నెలలోనే చెప్పండి. నీళ్ళు వచ్చాక చెబితే ఎవరికీ వినబడదు.

రెండో సంగతి. ఏటిగట్టు మీంచి రోడ్డుకి దిగే ర్యాంపులు మా మండలం మొత్తానికీ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గది కట్టిన ట్రక్కు పొలాల్లోంచి పోలేదు, గోతుల్లోంచి పోలేదు, ఆ ర్యాంపుల మీంచే దిగాలి. ఒక్కో ర్యాంపు దగ్గర ఒక్కో కెమెరా పెడితే నా ట్రక్కు ఎటు పోయిందో ఆ రోజే తెలిసేది. 2027లో పుష్కరాలు రాబోతున్నాయి. 2015లో జూలై 14 నుంచి 25 దాకా ఏటి పొడుగునా ఎన్ని బండ్లు నిలిపారో చూశాం. ఈసారి మంచాలూ వంటా అన్నీ లోపలే ఉన్న బండ్లతో దూరాల నుంచి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళంతా బండి గట్టు మీద వదిలే కదా స్నానానికి దిగేది. ఇప్పుడు పెట్టే కెమెరాలు అప్పుడూ పనికొస్తాయి.

పాత ఇనుము కొనేవాళ్ళకీ, పాత ట్రక్కులు కొనే రైతులకీ ఒక మాట. ఆర్సీ అడగకుండా కొనకండి. దొంగసొత్తని తెలిసీ కొంటే కొత్త న్యాయసంహిత 317వ సెక్షను కింద మూడేళ్ళ వరకూ జైలు ఉంది. ఆర్సీ లేకుండా కొని నేను చేసిన తప్పే ఇవాళ నా ట్రక్కు నాదని రుజువు చేసుకోలేని పరిస్థితి తెచ్చింది.

నాది దొరుకుతుందన్న ఆశ ఇంకా ఉంది, అందుకని ఆనవాళ్ళు రాస్తున్నాను. గది రేకులు ఆకుపచ్చ, నొగ ఎరుపు. కుడివైపు కిటికీకి మూడు ఊచలే ఉంటాయి, నాలుగోది విరిగితే వేయించలేదు. తలుపు గొళ్ళెం తిరగేసి బిగించి ఉంటుంది. లోపల తలుపు వెనక మా మనవరాలి ఎత్తు కొలిచి ఏటా గీసిన గీతలు ఆరుంటాయి, ఒక్కోదాని పక్కన సంవత్సరం రాసి ఉంటుంది. పైన రంగు వేసేసినా గీతలు మేకుతో గీసినవి కాబట్టి చేత్తో తడిమితే తెలుస్తాయి. ఎవరికైనా కనబడితే దగ్గర్లోని పోలీసు స్టేషనులో చెప్పమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక లంక రైతు,
పి.గన్నవరం మండలం, కోనసీమ జిల్లా