నాలుగు పిన్నీసులు పెట్టిన అమ్మాయికి, ఇంకా కొందరికి

అందరికీ నమస్కారం. ఏమైంది, ఎందుకు పరుగెత్తలేదు అని అడుగుతున్న మీ ఫోన్లకు, మెసేజ్‌లకు విడివిడిగా జవాబివ్వలేక ఇక్కడ రాస్తున్నాను.

పోయినేడాది జాతీయ పోటీల్లో 800 మీటర్లు పరుగెత్తకుండానే తిరుపతి వచ్చేశాను. కాలు పట్టేసిందని అప్పుడు అందరికీ చెప్పాం. అబద్ధం. కాలు బాగానే ఉంది.

రేసుకు ముందు మమ్మల్ని కాల్ రూమ్‌లో కూర్చోబెడతారు. అక్కడ నంబర్ గుడ్డ జెర్సీకి తగిలించుకోవాలి. పిన్నీసు చేతిలోనే ఉంది, తెరవడం చేత కాలేదు. వేళ్లు ఒకటే వణుకు. గుండె దడ, ఊపిరి ఆడదు, ఇక్కడే చచ్చిపోతానేమో అనిపించింది. పక్కన కూర్చున్న అమ్మాయిది కూడా నా హీటే, అంటే తొలి రౌండులో నాతో పాటే పరుగెత్తాలి. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. ఏమీ అడగకుండా నా చేతిలోంచి తీసుకుని నాలుగు మూలలా నాలుగు పిన్నీసులు పెట్టింది. తర్వాత లేచి వెళ్లి అధికారిని పిలుచుకొచ్చింది. తన వార్మప్ కూడా చెడగొట్టుకుంది పాపం.

అక్కడే ఒకాయన 'అంతా డ్రామా' అన్నాడు. ఆయన సంగతి ఇక్కడెందుకులెండి.

ఊరికొచ్చాక మా కోచ్ సార్ టైమింగ్ గురించి ఒక్క మాట అనలేదు. "రాత్రి నిద్ర పట్టిందా?" అని మాత్రం అడిగారు. తారకరామ స్టేడియం మెట్ల మీద కూర్చోబెట్టి తన నోటుబుక్కు తెరిచారు. 800 మీటర్లు 2 నిమిషాల 9 సెకన్లలో పరుగెత్తేదాన్ని 2 నిమిషాల 16కి పడిపోయాను. పొద్దున లేవగానే చూసే నాడి 50 నుంచి 64కి పెరిగింది. శ్రమ ఎక్కువై అలిసిపోయాననుకుని ఆయన అప్పటికే వర్కవుట్లు సగం చేశారు, అయినా మార్పు లేదు. "నాకు తెలిసింది ఇంతవరకేనమ్మా, ఇక డాక్టర్‌ను చూద్దాం" అన్నారు. ముప్పై ఏళ్లుగా కోచింగ్ ఇస్తున్న మనిషి ఆ మాట అన్నందుకే ముందు ఆయనకు దండం పెట్టాలి.

రుయా ఆసుపత్రిలో ఓపీ చీటీకి నాతో పాటు లైన్లో నిలబడింది మా సీనియర్ అక్క. ఎవరైనా చూస్తారేమోనని నేను మొహం నిండా చున్నీ కప్పుకుంటే, "ఇక్కడ సగం మంది నీలాగే కప్పుకున్నారు, నిన్నెవరు చూస్తారే?" అంది. వారాల తర్వాత అప్పుడే నవ్వాను.

డాక్టరమ్మ ముందు థైరాయిడ్, రక్తం, ఐరన్ పరీక్షలు రాశారు. పరుగెత్తే ఆడపిల్లల్లో ఐరన్ తగ్గడం మామూలేనట, నాకూ తగ్గింది. కానీ కథ అంతా అది కాదు. ఆ తర్వాత గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలున్న కాగితం ఇచ్చారు. చచ్చిపోతే బాగుండనిపించిందా అని అడిగే చివరి ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఆమె తొందరపెట్టలేదు, కాసేపు ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. డిప్రెషన్, దాంతో పాటు పానిక్ అటాక్స్ అని చెప్పారు.

నా భయమల్లా డోప్ టెస్టు. ఆమె వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత మందుల జాబితా తెరిచి నా ముందే చూశారు. నాకిచ్చిన డిప్రెషన్ మాత్ర అందులో లేదు. వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ మాత్రం షూటింగ్, ఆర్చరీ వాళ్లకు నిషేధం, చెయ్యి కదలకపోవడమే వాళ్లకు లాభం కాబట్టి. పరుగుకు ఆ గొడవ లేదు. డిప్రెషన్ మాత్రతో మొదటి వారమంతా వికారం, మానేస్తానంటే డాక్టరమ్మ తిట్టారు. గుణం కనిపించడానికి మూడు నాలుగు వారాలు పట్టింది.

అమ్మ దిష్టి తీసింది, ముడుపు కట్టింది, అలిపిరి మెట్లకు పసుపు కుంకుమ పెట్టుకుంటూ కొండెక్కింది. "మొక్కు మొక్కమ్మా, మాత్ర మాత్రం మాన్పించొద్దు" అన్నారు డాక్టరమ్మ. రెండూ జరిగాయి.

టిఫిన్ బండి నడిపే మా నాన్నకు ఇదంతా అర్థం కాలేదు. కోచ్ సారే అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ సంగతి చెప్పారు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మనసు బాగోలేక టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది, 2024లో పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. బీజింగ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం కొట్టిన మన షూటర్ అభినవ్ బింద్రా కూడా గెలిచాక లోపలంతా ఖాళీ అయిపోయిందని బయటకే చెప్పారు. ఇప్పుడు నాన్న ఇడ్లీ తినడానికి వచ్చినవాళ్లందరికీ 'బైల్స్ పాప' కథ చెబుతున్నాడు. చట్నీ మాడినా ఆగడు.

ఒక రాత్రి మరీ చెడ్డగా గడిచింది. ఆ రాత్రి అక్క మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్‌కు, 14416కు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. అవతల తెలుగులో మాట్లాడిన ఆమె పేరు తెలియదు. ఆమెకు కూడా థాంక్స్. ఆ నంబరుకు డబ్బులేమీ పడవు, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు.

మాత్రలు ఇంకా వాడుతున్నాను. పోయిన వారం స్టేడియంలో రెండు రౌండ్లు పూర్తిగా పరుగెత్తాను. టైమింగ్ చెప్పను, సార్ కూడా వాచీ తీయలేదు.

కాల్ రూమ్ అమ్మాయీ, నీకు తెలుగు రాదు. తెలిసినవాళ్లెవరైనా నీకు చదివి వినిపిస్తారని రాస్తున్నాను. ఆ నాలుగు పిన్నీసులూ నా స్పైక్స్ బూట్ల సంచిలోనే ఉన్నాయి. నువ్వు ఏ రాష్ట్రమో చెప్పు చాలు, వచ్చే మీట్‌లో వెతుక్కుంటాను.