బుడమేరు వరదలో మునిగిన మా 1930 ఫోర్డ్ మళ్లీ రోడ్డెక్కింది: అందరికీ కృతజ్ఞతలు

మా తాతగారి 1930 ఫోర్డ్ మోడల్ ఏ కారు మొన్న ఆదివారం ఎవరూ నెట్టకుండా, లాగకుండా తన ఇంజన్ మీదే షెడ్డులోంచి బయటికొచ్చి రోడ్డెక్కింది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఈ కారు స్టీరింగ్ దాకా నీళ్లలో ఉండిపోయింది. దాన్ని బాగుచేయడానికి చేయి వేసిన వాళ్లకు పేరుపేరునా దండం పెట్టాలని ఉంది. కానీ తమ పేర్లు రాయొద్దని కొందరు గట్టిగా చెప్పారు. అందుకే ఎవరు ఏ పని చేశారో ఆ పనిని బట్టే చెప్తాను. ఎరిగినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

ముందు మా వీధి కుర్రాళ్లు. వాళ్ల ఇళ్లలోనూ బురదే. ఫ్రిజ్‌లు, మంచాలు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. అయినా నీళ్లు తీయగానే వచ్చి మా అమ్మ సామానంతా బయటపెట్టి, ఆ తర్వాత కారు చక్రాల కింద చెక్కలు వేసి, తాళ్లు కట్టి మెరకకు లాగారు. "ఇది తాతగారి బండి, దీన్ని వదలకూడదు అన్నా" అన్నాడు ఒకడు. వాడు మా తాతగారిని చూసి కూడా ఎరగడు.

అదే రోజు హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి కార్లను ఎన్నో ఏళ్లుగా బాగుచేస్తున్న మనిషి. పలకరింపులు కూడా లేకుండా "బాబూ, స్టార్టర్ జోలికి మాత్రం వెళ్లొద్దు" అన్నారు. ఎందుకో నిదానంగా వివరించారు. ఈ ఇంజన్‌లో ఆయిల్ పంపు ఉన్నా, పిస్టన్లను కింద తిరిగే ఇరుసుకు (క్రాంక్‌షాఫ్ట్) కలిపే కనెక్టింగ్ రాడ్లకు ఒత్తిడితో ఆయిల్ అందదు. రాడ్ అడుగున ఉండే డిప్పర్, కింద తొట్టెలో ఉన్న ఆయిల్‌ని తిరిగినప్పుడల్లా తోడుకుంటుంది. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి చేరతాయి, వాటితోపాటు ఒండ్రు మట్టి. ఇంజన్ తిప్పితే డిప్పర్ తోడి పోసేది ఆ మట్టినే. బేరింగులో ఉండే వైట్ మెటల్ మెత్తటి లోహం. ఇసుక రేణువు అందులో దిగబడి, అక్కడినుంచి క్రాంక్‌షాఫ్ట్‌ని గీరుతూనే ఉంటుంది. ఆయన చెప్పినట్టే ప్లగ్గులు తీసి, సిలిండర్లలో డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి, సంప్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టె) ఖాళీ చేసి అలాగే ఉంచేశాం. ఆ ఫోన్ రాకపోతే క్రాంక్‌షాఫ్ట్ దక్కేది కాదు. తర్వాత తన దగ్గరున్న రిపేరు మాన్యువల్ కూడా కొరియర్లో పంపారు.

జవహర్ ఆటోనగర్‌లో మా మేస్త్రిగారి షెడ్డుకు బండి చేరాక అసలు పని మొదలైంది. బ్రేకులకు పెద్దగా ఏమీ కాలేదు, ఎందుకంటే ఈ కారుకు ఆయిల్ బ్రేకులు కావు, ఇనుప రాడ్లతో పనిచేసే మెకానికల్ బ్రేకులు. డ్రమ్ముల తుప్పు గీకి, లైనింగులు మారిస్తే సరిపోయింది. ఇంజన్ విప్పాక మాత్రం మేస్త్రిగారి మొహం మారిపోయింది. రాడ్ల వైట్ మెటల్‌కు ఎప్పటివో పగుళ్లు ఉన్నాయి, వాటిలోకి బురదనీరు దిగి పొరలు లేచిపోయాయి. ఇప్పటి ఇంజన్లకైతే కొత్త షెల్ బేరింగులు కొని తొడిగేస్తారు. దీనికి షెల్ ఉండదు, రాడ్‌లోనే కరిగిన లోహం పోసి బేరింగ్ తయారుచెయ్యాలి. "లేత్ పని ఎంతైనా చేస్తాను గానీ పోత పని నాకు చేతకాదండీ" అని ఆయన నిజాయితీగా చెప్పేశారు. ఆ మాటకి కూడా ఆయనకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ప్రయోగం చేసి పాడుచేసేవాళ్లు బోలెడుమంది ఉంటారు.

ఆ పోత పని తెలిసిన పెద్దాయన ఒకరు తెనాలిలో ఉన్నారని కూడా మేస్త్రిగారే చెప్పారు. డెల్టాలో రైస్ మిల్లులు పెద్ద పెద్ద ఆయిల్ ఇంజన్ల మీద నడిచిన కాలంలో వాటి బేరింగులకు వైట్ మెటల్ పోసిన చేతులు ఆయనవి. మిల్లులు కరెంటు మోటార్లకు మారాక పని తగ్గింది గానీ కొలిమి, మూసలు, స్క్రేపర్లు అన్నీ జాగ్రత్తగా దాచుకున్నారు. కారు ఇంజన్ రాడ్ ఇంత చిన్నదా అని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "పోద్దాంలే నాయనా, లోహానికి మిల్లేంటి, కారేంటి" అన్నారు.

పోసేముందు రాడ్ లోపలి ఉక్కుకు తగరం పూత పట్టాలి. అది సరిగ్గా అంటకపోతే పైన ఎంత బాగా పోసినా ఊడి వస్తుంది. పెద్దాయన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. అందుకని ఆ ఒక్క పనికీ వన్‌టౌన్‌లో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే సాయిబుగారిని పిలిపించారు. ఆయన ఏనాడూ కారు ఇంజన్ ముట్టుకోలేదు. కానీ నవాసారం చల్లి, దూదితో ఒక్క విసురున తగరం రాస్తుంటే ఉక్కు మీద మెరుపు ఎక్కడా చుక్క ఖాళీ లేకుండా పరుచుకుంది. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ చేతివాటం చూశాక నాకున్న టెన్షన్ అంతా పోయింది.

తర్వాత పోత. వైట్ మెటల్ అంటే ఎక్కువ భాగం తగరం, అందులో యాంటిమొనీ, రాగి కలుస్తాయి. వేడి కొలవడానికి పెద్దాయన మీటరు వాడలేదు. ఎండిన పుల్ల ఒకటి కరిగిన లోహంలో ముంచి తీశారు. పుల్ల గోధుమరంగుకు మాడాలి, మంట అంటుకోకూడదు. మూసకు లోహం అతుక్కోకుండా ముందే దీపం మసి పట్టించారు. రాడ్‌నీ వేడి చేశారు. పోయడం మాత్రం ఒకే ధారగా, ఎక్కడా ఆపకుండా. మధ్యలో ఆగితే రెండు పొరలవుతాయట. చల్లారాక రాడ్‌ని వేలాడదీసి చిన్న సుత్తితో తట్టారు. ఖణేల్‌మంది. బద్దగా మోగితే లోపల పట్టలేదని అర్థం. అది చాలక కిరోసిన్‌లో ముంచి, తుడిచి, అంచుల చుట్టూ సుద్ద రాశారు. లోపల ఎక్కడైనా సందు ఉంటే కిరోసిన్ ఊరి సుద్ద తడుస్తుంది. ఎక్కడా తడవలేదు. నాలుగు రాడ్లూ ఒక్క పోతలోనే నిలిచాయి.

మళ్లీ ఆటోనగర్‌లో బేరింగు రంధ్రాన్ని కొలతకు తొలిచే పని (బోరింగ్) అయ్యాక, క్రాంక్‌షాఫ్ట్‌కు మార్కింగ్ బ్లూ అనే నీలం రంగు రాసి, బిగించి, తిప్పి, విప్పి, నీలం అంటిన చోటల్లా స్క్రేపర్‌తో గీకడం. ఇది ఓపికను తినేసే పని. పెద్దాయన మనవడు తెనాలి నుంచి రోజూ వచ్చి చేశాడు. ఐటీఐ చదివిన కుర్రాడు, తాత చెప్పిన ప్రతిదీ నోట్‌బుక్‌లో రాసుకుంటాడు.

మిగతావాళ్లను తక్కువ మాటల్లో చెప్తున్నానని ఏమీ అనుకోవద్దు. లారీ బాడీలు కట్టే వడ్రంగి మేస్త్రి నీళ్లకు ఉబ్బిపోయిన ఫ్లోర్ చెక్కలు కొత్తవి కోశారు, టాపు కింద వంపు బద్దలు ఆవిరి పట్టి వంచారు. ఈ కారుది 6 వోల్టుల కరెంటు, పైగా పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొసను బాడీకి కలుపుతారు. ఎలక్ట్రీషియన్ తమ్ముడు డైనమో కొత్తగా చుట్టి, రేపు ఎవరైనా బ్యాటరీ తిరగేసి కడతారేమోనని కేబుళ్లకు రంగులు వేసి, ట్యాగులు కట్టి మరీ వెళ్లాడు. డల్లాస్‌లో ఉండే మా చెల్లి తన సూట్‌కేసులో సగం గాస్కెట్లకే ఇచ్చేసింది. మోడల్ ఏ కార్లు దాదాపు 48 లక్షలు తయారయ్యాయి, అమెరికాలో ఇప్పటికీ విడిభాగాలు చేసి అమ్ముతారు. సామాను అక్కడ డబ్బు పెడితే దొరుకుతుంది. దాన్ని పనికొచ్చేలా చేసే చేయి మాత్రం మన తెనాలిలో, మన వన్‌టౌన్‌లో దొరికింది.

పాత కార్లు ఉన్నవాళ్లకు ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. మోడల్ ఏ ట్యాంకులో గేజీకి ఉండే బెండు ఫ్లోట్‌కు వెనకటి నుంచీ లక్క పూతే. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. మాది మార్చేశాం, మీవి కూడా ఓసారి విప్పి చూసుకోండి.

కాగితాల పని రవాణా శాఖలో రిటైరైన మా పక్కింటి బాబాయిగారు దగ్గరుండి చూశారు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే వాటికి నంబరులో వీఏ అని వస్తుంది, ముందే రిజిస్టరైనవి పాత నంబరు ఉంచుకోవచ్చు. కారు రిజిస్ట్రేషన్ పుస్తకం అమ్మ అటక మీద ట్రంకుపెట్టెలో దాచింది కాబట్టి వరదకు తడవలేదు. మద్రాసు రాష్ట్రం నాటి నంబరు మాకు అలాగే మిగిలింది. రోజువారీ తిరగడానికి అనుమతి లేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్‌కు, మరమ్మతులకు తీసుకెళ్లొచ్చు. మాకు అది చాలు.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు మేస్త్రిగారు నన్నే కూర్చోమన్నారు. ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయాన్ని ముందు వెనకలు చేసే స్పార్క్ లివర్ స్టీరింగ్ ఎడమ పక్కన ఉంటుంది, దాన్ని పూర్తిగా పైకి పెట్టి, ఇంజన్ అందుకోగానే మెల్లగా కిందికి దించాలి. ఆ సమయంలో ఫోన్ స్పీకర్‌లో తెనాలి పెద్దాయన వింటున్నారు. "రాడ్లు చప్పుడు చెయ్యట్లేదు, బాగుంది" అన్నారు. మా అమ్మ ఏడ్చేసింది.

పెద్దాయన చేసిన పనికి సగం డబ్బు కూడా తీసుకోలేదు. ఎంత బతిమాలినా ససేమిరా అన్నారు. ఆయన కోరింది ఒక్కటే, మనవడికి పని చూపించమని. కాబట్టి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎవరి దగ్గరైనా పాత కారు, పాత ఆయిల్ ఇంజన్, మిల్లు షాఫ్టు, వైట్ మెటల్ బేరింగ్ ఉన్నది ఏదైనా సరే, పాత ఇనుముకు తూకం వేసేముందు నాకు ఒక మెసేజ్ పెట్టండి. ఆ కుర్రాడి నంబరు ఇస్తాను.