తు.చ. తప్పకుండా నింపిన ఫారం

అయ్యా ఎడిటర్ గారూ,

నమస్కారం. మీ ఉత్తరాల పేజీకి నేను రాయడం ఇది మూడోసారి, మొదటి రెండూ మీరు వెయ్యలేదు, పర్లేదు, ఇది మాత్రం కాస్త చోటు చూసి వెయ్యండి. నేను చీరాల్లో ఉంటాను, 2016లో రిటైరైన లెక్కల మేష్టార్ని. ఎవరిమీదో కంప్లైంట్ ఇద్దామని కాదండీ రాస్తున్నది. పిచ్చి రూలు ఎదురైతే దాంతో గొడవ పడి గొంతు పోగొట్టుకోవద్దు, దాన్ని తు.చ. తప్పకుండా పాటించి చూపించండి, అప్పుడు అదే బయటపడుతుంది అని చెప్దామని. నాకు అరవై తొమ్మిదేళ్ళొచ్చాక తెలిసిందీ సంగతి.

విషయం ఏంటంటే నా పెన్షన్ కాగితాల్లో మా ఆవిడ పేరు తప్పు పడింది. పేరులో లక్ష్మి ఉంది, ఆధార్‌లో ఇంగ్లీషు స్పెల్లింగు ఎక్స్‌తో ఉంటే వీళ్ళు కె, ఎస్, హెచ్ పెట్టారు. రేపు నేను పోతే ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఆవిడ ఈ ఎక్స్ కోసం ఎక్కడ తిరుగుతుంది, మోకాళ్ళ నొప్పులతో, అందుకని నేనుండగానే సరిచేయించేద్దామని ఒక ఆఫీసుకెళ్ళా. ఏ ఆఫీసో అనవసరం, మీరూ ఇలాంటి ఆఫీసుకి వెళ్ళే ఉంటారు. ఫారం ఇచ్చారు, నింపి ఇచ్చా. మూడు వారాల తర్వాత పోస్టులో వెనక్కొచ్చింది, "కాలమ్ 7, 11, 14 ఖాళీగా ఉన్నందున తిరస్కరించడమైనది" అని ఎర్ర ఇంకుతో రాసి.

ఏడో కాలమ్ "అవివాహిత అయినచో తండ్రి పేరు". నా భార్య అవివాహిత ఎలా అవుతుందండీ. పదకొండు "పెన్షనరు మరణ తేదీ". పద్నాలుగు "ఆఫీసు వారి ఉపయోగార్థం". ఫారం చివర సూచనల్లో మాత్రం ఏ గడీ ఖాళీగా వదలరాదు అని అచ్చేసి ఉంది. ఆ ఫారం కూడా ఎన్నో జిరాక్సుకి జిరాక్సు, ఓ పక్కకి ఒరిగిపోయి, పై లైను సగం ఎగిరిపోయి, తొమ్మిదో కాలమ్ పక్కన ఈగ వాలినట్టు నల్ల మచ్చ, ఎప్పుడో ఎవరి జిరాక్సు మిషన్ అద్దం మీదో పడ్డ మరక, అది ఇప్పటికీ ప్రతి ఫారంలోనూ వస్తోంది. మక్కికి మక్కి అంటే ఇదేనేమో అనుకున్నా.

సరే, రెండోసారి ఆ మూడు గడుల్లోనూ "వర్తించదు" అని రాసి ఇచ్చా. మళ్ళీ తిరిగొచ్చింది. సూచన 6 ప్రకారం అడ్డగీతలు గానీ "వర్తించదు" అని గానీ రాయరాదట, స్పష్టమైన వివరం ఇవ్వాలట. అప్పుడు నాకు కోపం రాలేదు సార్, నిజం చెప్తున్నా, సరదా పుట్టింది. ముప్పై ఏళ్ళు పిల్లల చేత "ప్రశ్న పూర్తిగా చదవండిరా, అడిగిందే రాయండిరా" అని అరిచి అరిచి వచ్చినవాణ్ణి, నా పాఠం నాకే అప్పజెప్పినట్టయింది. కళ్ళజోడు తుడుచుకుని సూచనలన్నీ ఒకటి నుంచి తొమ్మిది దాకా మూడుసార్లు చదివా.

మూడోసారి ఇలా నింపా. ఏడులో: "వివాహిత. వివాహం నాతోనే జరిగింది. అవివాహితగా ఉన్న కాలానికి తండ్రి పేరు" అని మా మావగారి పేరు రాశా. పదకొండులో: "ఈ తేదీ నాటికి సంభవించలేదు. వివరాల్లో ఏ మార్పు వచ్చినా 15 రోజుల్లోగా దరఖాస్తుదారు స్వయంగా ఆఫీసుకు వచ్చి తెలియజేయవలెనని సూచన 3లో ఉన్నది గనుక, సంభవించిన పిమ్మట ఆ ప్రకారమే స్వయంగా వచ్చి తెలియజేయగలవాడను." పద్నాలుగులో: "ఇది ఆఫీసు వారి గడి, నేను నింపరాదు. ఖాళీగా వదలరాదు గనుక ఈ రెండు వాక్యాలతో నింపడమైనది." మా ఆవిడ చదివి "మీకు మతి పోయిందా, అసలే శుభమా అని పేరు మార్పించుకుంటుంటే ఈ చావు మాటలేంటి" అని తిట్టింది. రూలే చావు తేదీ అడిగింది గానీ నేను అడిగానా అన్నా.

అసలు కథ జతపరచాల్సిన కాగితాల దగ్గరుంది. సూచన 8: "ఈ విషయమై ఇదివరకు జరిగిన ఉత్తరప్రత్యుత్తరములన్నియు మూడు ప్రతులు జతపరచవలెను, ప్రతి కాగితముపై ఆఫీసు స్వీకరణ ముద్ర వేయించుకొనవలెను." ఇదివరకు దీన్నెవరూ పట్టించుకోలేదు, ఇవ్వమని అడిగినవాళ్ళూ లేరు, ఇచ్చినవాళ్ళూ లేరు. నేనిచ్చా. రిటైరైనప్పట్నుంచీ వాళ్ళు నాకు రాసినవీ నేను వాళ్ళకి రాసినవీ అటక మీంచి దింపితే 71 కాగితాలు తేలాయి, మూడు సెట్లు అంటే 213, జిరాక్సుకి 426 రూపాయలు, షాపు కుర్రాడు "ఏం మేష్టారూ కేసా" అని అడిగాడు కూడా. అన్నీ బియ్యం సంచీలో పెట్టుకుని స్కూటర్ ముందు వేసుకుని వెళ్ళా.

కౌంటర్లో ఉన్నమ్మాయి నా దగ్గర తొమ్మిదో క్లాసు చదువుకుందట, నేను గుర్తుపట్టలా, తనే "మేష్టారూ, బాగున్నారా" అంది. సంచీ చూసి నవ్వింది, సూచన 8 చూపిస్తే నవ్వు ఆగిపోయింది. "ఇవన్నీ ఎందుకండీ, ఫారం ఒక్కటి ఇచ్చెయ్యండి చాలు" అంది. "అమ్మా, చాలు అని రాసిస్తావా" అన్నా. పాపం తనకి ఆ అధికారం ఎక్కడిది. ముద్ర తీసి మొదలుపెట్టింది. టప్, టప్, టప్. నలభైయో కాగితానికి ప్యాడ్ ఆరిపోయింది, అటెండరు ఇంకు సీసా వెతకడానికెళ్ళి పావుగంటకి వచ్చాడు, ఈలోపు నా వెనక పదిమంది, అందులో ఒకాయన "పెద్దాయనా, మాకు బస్సులున్నాయి" అని కసురుకుంటే ఫారం చేతికిచ్చి పదకొండో కాలమ్ చదవమన్నా. ఆయన చదివి పక్కాయనకిచ్చాడు, అది అలా లైను చివరిదాకా పోయింది, కసురుకున్నాయనే తర్వాత కాగితాలు తిప్పి అందిస్తూ తడి ముద్రల మీద ఉఫ్ అని ఊదుతూ కూర్చున్నాడు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఆ రూలు పెట్టింది ఆ అమ్మాయి కాదు, కానీ చెయ్యి నొప్పి పుట్టింది ఆ అమ్మాయికే. టీ తెప్పించి ఇచ్చా గానీ అది సరిపోతుందా. ఈ పద్ధతిలో ఉన్న చిక్కంతా ఇదే, రూలు రాసినవాడు ఏసీ గదిలో ఉంటాడు, మనం తు.చ. తప్పకుండా పాటిస్తే నలిగేది కౌంటర్లో కూర్చున్నవాళ్ళు, లైన్లో నుంచున్నవాళ్ళు. (అన్నట్టు తు, చ అంటే తెలుసు కదా, సంస్కృత శ్లోకంలో పాదం నిండడానికి వేసే అక్షరాలు, చాలాసార్లు వాటికి పెద్ద అర్థం ఉండదు, వాటిని కూడా వదలకుండా అప్పజెప్పడమే తు.చ. తప్పకపోవడం. మన ఫారాల్లో సగం గడులు ఆ తు, చ లే.)

మాకు చీరాల్లో ఇది కొత్తేం కాదు. 1919 ప్రాంతంలో చీరాల పేరాలని కలిపి మున్సిపాలిటీ చేసినప్పుడు ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలైంది. మగ్గాల మీద బతికే జనం, ఎక్కణ్ణించి తెస్తారు. పన్ను కట్టం అని మొండికేసి కొందరు జైలుకెళ్ళారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు, ఆంధ్రరత్న, గాంధీగారిని కూడా ఇక్కడికి రప్పించారు. తర్వాత ఏం చేశారో చూడండి. మున్సిపాలిటీ సరిహద్దు లోపలున్నవాడే కదా పన్ను కట్టాల్సింది, అది కదా మీ చట్టం, సరే మేం సరిహద్దు లోపల ఉండం అని 1921లో ఊరికి ఊరు లేచి బయటికెళ్ళిపోయింది. పదిహేను వేల పైచిలుకు జనాభాలో పదమూడు వేలమంది దాకా. గీత అవతల పాకలేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఇటు చూస్తే చట్టాన్ని ఒక్క అక్షరం మీరలేదు, అటు చూస్తే పన్ను వేద్దామంటే మున్సిపాలిటీలో మనుషుల్లేరు, ఖాళీ ఇళ్ళున్నాయి.

మా నాయనమ్మ అప్పటికి చిన్నపిల్ల. వాన పడితే తాటాకు పాకలో మగ్గం గుంట నిండా నీళ్ళు, వాళ్ళ నాన్న రాత్రంతా చెంబుతో తోడుతుండేవాడట, కనపడే దూరంలోనే సొంత పెంకుటిల్లు తాళం వేసి ఉండేదట. "ఇంట్లోకెళ్దాం నాన్నా" అంటే "అది గీత లోపలుందే" అనేవాడట. పదకొండు నెలలు అలా ఉన్నారు. దుగ్గిరాల వారిని జైల్లో పెట్టారు, డబ్బులైపోయాయి, చివరికి జనం తిరిగొచ్చారు, మున్సిపాలిటీ కూడా ఉండిపోయింది. గెలిచారని అబద్ధం చెప్పను. కానీ నాలుగు వేలని నలభై వేలు చేసిన తెలివి ఏపాటిదో దేశమంతా చూసింది.

ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ వైపు లాల్ బిహారీ అని ఒకాయన ఉన్నాడు, ఆయన ముందు నా పదకొండో కాలమ్ ఎంత. పొలం కోసం బంధువులే రికార్డుల్లో ఆయన్ని చనిపోయినట్టు రాయించేశారు, ఈయనకి లోను కోసం వెళ్తే తెలిసింది తను లేనని. 1970ల మధ్య నుంచి 1994 దాకా కాగితం మీద శవమే. ఆయన ఏం చేశాడంటే సరే చచ్చాను కదా అని పేరు చివర మృతక్ అని తగిలించుకున్నాడు, భార్యకి వితంతు పెన్షన్ ఇమ్మని దరఖాస్తు పెట్టించాడు, 1988లో అలహాబాదులో వీపీ సింగ్ మీద, 1989లో అమేథీలో రాజీవ్ గాంధీ మీద పోటీకి దిగాడు. ఓట్ల కోసం కాదండీ, బతికున్నట్టు ఏదో ఒక ప్రభుత్వ కాగితం మీద పేరు పడుతుందని. ఈ మాట చెప్తే మా ఆవిడ "చూశారా, మీ కంటే నయం, ఆయన పెళ్ళానికి పెన్షన్ కోసం ప్రయత్నమన్నా చేశాడు" అంది.

బెజవాడ లోకో షెడ్‌లో పనిచేసిన మా పెద్దనాన్న కొడుకు ఇలాంటివి చాలా చెప్పేవాడు. 1974 మే నెల రైల్వే సమ్మెలో యూనియన్ నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ పిలుపిస్తే దేశమంతా రైళ్ళు ఆగాయి, ఇరవై రోజులు, ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి, జైళ్ళకెళ్ళారు. అన్నయ్య అనేవాడు, సమ్మె చేస్తే సస్పెండ్ చేస్తారు తమ్ముడూ, వర్క్ టు రూల్ చేస్తే ఏం చేస్తారు, పుస్తకంలో రాసిన ప్రతి చెకింగూ చేసి, ప్రతి సంతకం తీసుకుని, రాసిన స్పీడు దాటకుండా తోలితే ఏ బండీ టైముకి చేరదు, మరి నన్నేమని తప్పుపడతావు, నీ పుస్తకమే కదా అని. నాకూ అది తిరుగులేని మాటే అనిపించేది. ఆమధ్య మా వీధి లాయరు గారొకాయన గాలి తీసేశాడు, 1972లో ఇంగ్లండులో రైలు డ్రైవర్లు ఇదే చేస్తే లార్డ్ డెన్నింగ్ అనే జడ్జి గారు, కావాలని పని చెడగొట్టడానికి రూల్సు పాటిస్తే అది ఉద్యోగ ఒప్పందాన్ని ఉల్లంఘించడమే అన్నారట. పాటించకపోయినా తప్పే, మరీ పాటించినా తప్పే. మరి ఆ రూల్సు రాసిందెందుకో ఆ జడ్జి గారు కూడా అడిగినట్టు లేదు.

మళ్ళీ నా సంచీ దగ్గరికొస్తా. నూట యాభై కాగితాలు దాటాక టప్ టప్ శబ్దానికి లోపల్నుంచి ఆఫీసరు గారు బయటికొచ్చారు, "ఏం జరుగుతోందిక్కడ" అని. నేను లేచి నమస్కారం పెట్టి "సూచన 8 జరుగుతోందండీ" అన్నా. ఆయన ఫారం తీసుకుని నుంచునే చదివారు. పదకొండు దగ్గర నవ్వొచ్చింది, ఆపుకున్నారు. పద్నాలుగు దగ్గర ఆగారు, వెనక్కి తిప్పి సూచనలు మొత్తం చదివారు, నా అనుమానం ఆయన వాటిని చదవడం అదే మొదటిసారి. "ఈ ఫారం ఎవరు తయారుచేశారు" అని అడిగారు. ఎవరికీ తెలీదు. అటెండరు మాత్రం "నేనొచ్చేటప్పటికే ఉందండీ" అన్నాడు, అతను అక్కడ చేరి ఇరవై రెండేళ్ళట.

తొమ్మిది రోజుల్లో పేరు సరైంది, ఎక్స్‌తోనే. నేనడిగేది ఒక్కటే ఎడిటర్ గారూ, ఏ ఆఫీసైనా సరే, కొత్త ఫారం వేసేముందు దాన్ని రాసిన అధికారి తన పేరుతో తనే ఒకసారి నింపి, జనంతోపాటు లైన్లో నుంచుని, తన కౌంటర్లోనే ఇచ్చి చూడాలి. దానికి జీవో కూడా అక్కర్లేదు, ఓ బాల్‌పెన్ను, ఓ పూట సెలవు చాలు.

పోయిన వారం ఆ వైపు పనుండి లోపలికి తొంగిచూశా. గోడ మీద అతికించిన సూచనల కాగితంలో 6, 8 మీద పాత క్యాలెండర్ ముక్క ఒకటి అంటించి ఉంది, అది కూడా సరిగ్గా అంటక ఓ చివర లేస్తోంది. మూడు మాత్రం అలాగే ఉంది, చనిపోయినా 15 రోజుల్లో స్వయంగా రావాలి. ఆ అమ్మాయి నన్ను చూసి ముద్ర తీసి సొరుగులో దాచేసింది.

ఇట్లు,
ఒక రిటైర్డు లెక్కల మేష్టారు,
చీరాల

తా.క.: సంచీ పారెయ్యలేదు, అటక మీదే ఉంది.